కొలువు పరదేశమున, పన్ను స్వదేశమున

తెలుగు రైతుకు పన్ను అనగా చిరకాలము శిస్తే. భూమి కదలదు. దాని నలుహద్దులు కరణము దస్త్రములో నుండును. రైతు ఊరు విడిచి పోయినను శిస్తు ఆ సర్వే నెంబరు మీదనే నిలిచియుండును. ఆదాయపు పన్ను తీరు వేరు. అది మనిషిని పట్టుకొని పోవు పన్ను. మనిషి యో, ఒకచోట నిలువడు. ఒక దేశమున పుట్టి, వేరొక దేశమున కొలువు చేసి, మూడవ దేశపు బ్యాంకులో జీతము జమ చేసికొని, పుట్టిన యూరిలోనున్న భార్యకు నెలనెల సొమ్ము పంపు మనిషి యొక్క ఆదాయము ఏ దేశమునకు చెందినది? చెమటోడ్చిన దేశమునకా, ఇల్లున్న దేశమునకా, జీతమిచ్చిన ప్రభుత్వమునకా, లేక పౌరసత్వమిచ్చిన దేశమునకా? నూట అరువది యేండ్లకు పైబడి భారతదేశపు శాసనకర్తలు ఈ ప్రశ్నకు సమాధానములు చెప్పుచునే యున్నారు. చెప్పిన సమాధానమును మార్చుచునే యున్నారు. కేంద్ర ప్రభుత్వపు కొలువులో నుండి నేడో రేపో సముద్రము దాటవలసిన కుటుంబములకు ఈ చరిత్ర కేవలము పాతకథ కాదు. జీతపు చీటీలో ఒక పంక్తియై అది ప్రతి నెల కనబడుచుండును.

1857 తిరుగుబాటు అణచివేతతో భారత ప్రభుత్వపు బొక్కసము ఖాళీయయ్యెను, అప్పు పెరిగెను. లెక్కలు చక్కబెట్టుటకు లండను నుండి జేమ్సు విల్సను వచ్చెను. 'ఎకానమిస్టు' పత్రికను స్థాపించినవాడతడే. వైస్రాయి కౌన్సిలులో మొదటి ఆర్థిక సభ్యుడై 1860 ఫిబ్రవరి 18న కలకత్తాలో మొదటి బడ్జెటును సమర్పించి, ఆదాయపు పన్నును ప్రతిపాదించెను. ప్రజలకు కొత్తయగు ఈ పన్నును సమర్థించుటకు అతడు మనుస్మృతిని సాక్ష్యము పిలిచెను. ఇంగ్లీషు ఆర్థికవేత్త మనువును ఆశ్రయించుట చరిత్రలోని వింతలలో నొకటి. ఆ యేడు జూలై 24న బిల్లు శాసనమయ్యెను. ఏటికి రు. 200 మొదలు రు. 500 లోపు ఆదాయముపై నూటికి 2 చొప్పునను, రు. 500 ఆపైన నూటికి 4 చొప్పునను పన్ను. శాసనమైన మూడు వారములలోపలనే, ఆగస్టు 11న, విల్సను కలకత్తాలో రక్తవిరేచనములతో మరణించెను. తాను వేసిన పన్ను వసూలగుట అతడు చూడనే లేదు.

ఈ పన్నుకు తొలి పెద్ద ప్రతిఘటన మన చెన్నపట్టణము నుండియే వచ్చెను. అదియును ఏ వర్తకుని నుండియో కాదు, సాక్షాత్తు గవర్నరు నుండి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెలియను ఈ పన్ను దేశమునకు తగదనియు, ప్రజలలో అసంతృప్తిని రేపుననియు వాదించెను. అంతటితో నూరకుండక తన అభ్యంతర పత్రమును పత్రికలకు బయటపెట్టెను. కొలువులో నున్నవాడు ప్రభుత్వ విధానమును బహిరంగముగ విమర్శించుట నేరమని అతనిని 1860లోనే వెనుకకు పిలిపించిరి. కాని విధి యెట్లు తిరిగినదో చూడుడు. అదే ట్రెవెలియను కొన్ని యేండ్లకు విల్సను కూర్చుండిన ఆర్థిక సభ్యుని కుర్చీలోనికే వచ్చి కూర్చుండెను; 1865లో గడువు తీరిన ఆదాయపు పన్ను మరల పొడిగింపబడలేదు. కోస్తా జిల్లాల, దత్తమండలముల తెలుగువారు పాలింపబడిన ఆ రాజధానిలో జరిగిన ఈ వివాదమునకు మన చరిత్ర గ్రంథములలో దొరకవలసినంత చోటు దొరకలేదు.

తరువాత ఇరువది యేండ్లు లైసెన్సు పన్ను, సర్టిఫికెట్టు పన్ను, మరల ఆదాయపు పన్ను, మరల లైసెన్సు పన్ను - ఇట్లు ప్రయోగములే. ఎత్తివేయబడక స్థిరముగ నిలిచినది 1886 నాటి చట్టము. అప్పటి వైస్రాయి డఫరిన్, ఆర్థిక సభ్యుడు ఆక్లండు కాల్విన్. వాయవ్య సరిహద్దున రష్యా భయము, రూపాయి విలువ పతనము, తూర్పున బర్మా యుద్ధము - ఇవన్నియు కలిసి బొక్కసమును పీడించుచున్న కాలమది. ఎగువ బర్మాను బ్రిటిషు సామ్రాజ్యములో కలిపికొన్నట్లు ప్రకటించినది ఆ యేడు జనవరి 1ననే. వ్యవసాయాదాయమును మినహాయించి, జీతములు, పింఛనులు, కంపెనీల లాభములు, సెక్యూరిటీల వడ్డీ, తదితరాదాయములు అను విభాగములపై పన్ను వేసిరి. సూత్రము మాత్రము చిన్నది: బ్రిటిషిండియాలో పుట్టిన ఆదాయము, లేక బ్రిటిషిండియాలో చేతికందిన ఆదాయము పన్నుకు లోబడును. మనిషి యెవడు, ఎచట నివసించుచున్నాడు అను విచారణ అందులో లేదు. సొమ్ము ఎచట పుట్టినది, ఎచట ముట్టినది అనునదే ప్రశ్న.

ఈ సూత్రము సులభముగనే కనబడును. కాని "బ్రిటిషిండియా" అను మాటకు హద్దులెక్కడ? తెలుగువారి విషయములో ఈ ప్రశ్న రెండు దిక్కుల నుండి ముడిపడినది. ఒకటి సముద్రమునకు అవతల, రెండవది కృష్ణానదికి అవతల.

గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు నుండియు, కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణముల నుండియు వేలకొలది జనము ఓడలెక్కి రంగూనుకు పోయిరి. బర్మావారు భారతీయులను పిలిచిన "కోరంగీ" అను పేరు ఆ రేవు పేరే. వరి మిల్లులలో, రేవు దిగుమతులలో, రిక్షాలు లాగుటలో, పడవలు నడుపుటలో తెలుగు కూలీలుండిరి. వారిని కూర్చి తీసికొనిపోయిన మేస్త్రీలుండిరి. చిల్లర వర్తకులు, గుమాస్తాలు నుండిరి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరములో సగమునకు పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పనుల విషయమై తెలుగు కూలీలకును బర్మా కూలీలకును జరిగిన ఘోరమైన అల్లర్లు ఆ వలస యొక్క మరియొక ముఖము. అయితే ఇంత దూరము పోయినను, ఓడపై దినముల తరబడి ప్రయాణము చేసినను, శాసనదృష్టిలో వారు దేశము దాటనే లేదు. బర్మా బ్రిటిషిండియాలో నొక రాష్ట్రము మాత్రమే. కూలీకి ఈ పన్ను తగులనే లేదు. పన్ను లేని కనీసాదాయము 1886లో రు. 500 కాగా, 1903లో రు. 1,000కి, 1919లో రు. 2,000కి పెంచబడెను, కూలీ డబ్బులు ఆ దరిదాపులకు రావు. పై మెట్టుననున్న వర్తకునికి మాత్రము రంగూనులో లాభము వచ్చినను, రాజమహేంద్రవరములో లాభము వచ్చినను ఒకటే చట్టము.

1937 ఏప్రిలు 1న బర్మా భారతదేశము నుండి విడదీయబడెను. ఆ యుదయమున రంగూను వీధిలో దుకాణము తెరచిన తెలుగు వర్తకుడు అడుగైన కదపకుండ పరదేశి యయ్యెను. మనిషి దేశము దాటుట అందరెరిగినదే. ఇచట దేశమే మనిషిని దాటి పోయినది. కాకినాడలో ఇల్లును, రంగూనులో దుకాణమును గలవానిని రెండు ప్రభుత్వములును పన్ను అడుగు ప్రమాదమును ముందే గుర్తించి, 1936లోనే భారత-బర్మా ఆదాయపు పన్ను ఉపశమనపు ఉత్తరువును జారీ చేసిరి. అయిదేండ్లు గడువకముందే ఆ లెక్కలన్నియు బూడిదయ్యెను. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చిలో నగరము జపాను వశమయ్యెను. లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు వచ్చిరి. దారిలో చనిపోయినవారు వేలకువేలు. ఖాతా పుస్తకములు మోసికొని వచ్చినవారెందరు?

రెండవ హద్దు ఇంటి గుమ్మములోనిదే. 1950కి ముందు తెలుగుదేశములో సగము మద్రాసు రాజధానియందును, సగము నిజాము రాజ్యమందును ఉండెను. హైదరాబాదు బ్రిటిషిండియా కాదు. గుంటూరు నుండి హైదరాబాదుకు పోయి అచట నిజాము సర్కారు కొలువులో చేరినవాడు పన్నుల చట్టము దృష్టిలో విదేశములో కొలువు చేయుచున్నట్లే. నాణెము కూడ వేరు. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ సిక్కా రూపాయలు మారకము. స్వదేశ సంస్థానములో పుట్టిన ఆదాయము బ్రిటిషిండియాకు తేబడినప్పుడు మాత్రమే పన్నుకు లోబడునని చట్టములోని 14వ విభాగము స్పష్టపరచెను. కావున హైదరాబాదులోనే ఖర్చుపెట్టిన జీతమునకు బ్రిటిషు పన్ను లేదు. కృష్ణ దాటించి ఇంటికి తెచ్చిన జీతమునకు ఉండవచ్చును. ఇందులో మునగాల పరగణా స్థితి మరీ చిత్రము. నలువైపుల నిజాము రాజ్యము చుట్టియుండగా నడుమ ద్వీపము వలె నున్న ఆ పరగణా కృష్ణా జిల్లాకు చెందినది, అనగా బ్రిటిషిండియా. ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణములో మనిషి రెండు పన్నుల రాజ్యములను దాటి మరల మొదటి రాజ్యమునకు రాగలడు.

ఇంతకును ప్రభుత్వపు నౌకరులకు ఈ సౌకర్యము దొరకలేదు. 1922 చట్టము 7వ విభాగములోని రెండవ ఉపవిభాగము ముందుగనే ఆ తలుపు మూసినది. బ్రిటిషు ప్రజయైనను, చక్రవర్తి సేవకుడైనను, భారత ఖండములో ఏ మూలనున్నను, ప్రభుత్వము వానికిచ్చిన జీతము బ్రిటిషిండియాలో ఇచ్చినట్లే భావింపబడవలయునని దాని తాత్పర్యము. హైదరాబాదు రెసిడెన్సీలో పని చేయు గుమాస్తా నిజాము నేల మీద కూర్చుండి జీతము పుచ్చుకొన్నను పన్ను కలకత్తాకో ఢిల్లీకో చెల్లవలసినదే. నేడు విదేశములందలి మన రాయబార కార్యాలయముల సిబ్బందికి వర్తించు నియమమునకు మూలరూపమిదియే యని చెప్పుట తప్పు కాదు. 1948లో హైదరాబాదు భారతదేశములో కలిసెను. 1357 ఫసలీ నాటి హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగ 1950 ఏప్రిలు 1 నుండి భారత చట్టమే అచటను అమలయ్యెను. పన్నుభారము ఒక్కసారి పైబడకుండ కొన్ని రాయితీలతో ఒక ఉత్తరువును గూడ అప్పుడే వెలువరించిరి.

ఈ మధ్యకాలములో చట్టపు తాత్త్వికతయే మారిపోయినది. 1935లో నియమింపబడిన విచారణ సంఘము 1936లో నివేదిక నిచ్చెను. దానిని బట్టి 1939లో 1922 చట్టము సవరింపబడెను. సొమ్ము ఎచట పుట్టినది అను ప్రశ్నకు తోడుగ, మనిషి ఎచటివాడు అను ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చెను. నివాసి, అనివాసి, సాధారణ నివాసి కాని నివాసి అను మూడు తరగతులు ఏర్పడెను. నివాసికి ప్రపంచములో ఎచట ఆదాయము వచ్చినను ఇచట పన్ను. అనివాసికి ఇచ్చటి ఆదాయము మీద మాత్రమే పన్ను. ఏడాదిలో 182 దినములు దేశములో నున్నవాడు నివాసి. ఈ లెక్క అందరికిని తెలిసినదే. అంతగా తెలియనిది ఇంటి నియమము. ఏడాదిలో 182 దినములు దేశములో ఇల్లు పెట్టుకొనియున్నను, లేక వానికొరకు మరియొకరు ఇల్లు నిలిపియుంచినను, ఆ యేడు వాడు ఒక్కదినము దేశములో అడుగుపెట్టినచో వాడు నివాసి యగును.

ఈ నియమమును వ్రాసినవారు ఇంగ్లండులో ఇల్లు, ఇండియాలో బంగళా గల దొరలను మనసున నుంచికొనిరో ఏమో కాని, దాని బరువు ఉమ్మడి కుటుంబముల మీద పడెను. తెలుగువాని ఇల్లు ఎప్పుడు మూతపడును? తండ్రి యుండును, అన్నదమ్ములుందురు, పెరటిలో తులసికోట యుండును. కొడుకు మలయాలో నున్నను, సింహళములో నున్నను, వానికొక గది, వాని పెట్టె, వాని మంచము ఉండనే యుండును. సంక్రాంతికి నాలుగు దినములు వచ్చిపోయిన కొడుకునకు ఆ ఇల్లు "నిలిపియుంచబడిన" ఇల్లా, కాదా? ఇట్టి ప్రశ్నలపై హైకోర్టులలో వ్యాజ్యములు నడిచినవి. బంధుత్వమును చట్టభాషలోనికి తర్జుమా చేయుట ఎంత కష్టమో ఆ వ్యాజ్యములే చాటును.

ఇంతకంటె విచిత్రమైనది 4వ విభాగములోని రెండవ ఉపవిభాగము. భర్త అనివాసియై విదేశమున నున్నాడు. భార్య ఇచట నివాసి. భర్త తన విదేశాదాయములో నుండి - ఇచట పన్నుకు లెక్కకు రాని ఆదాయములో నుండి - భార్యకు పంపిన సొమ్ము, భార్యకు ఇచటనే పుట్టిన ఆదాయముగ భావింపబడునని ఆ నియమము శాసించెను. సంసారము నడుపుకొనుటకు వచ్చిన మనియార్డరు ఆమె స్వార్జితమైనట్లు! ధనికుడైన వర్తకుడు తాను అనివాసిగ నుండి, లాభములను భార్య పేర తెచ్చుకొని పన్ను నుండి తప్పించుకొనును అను భయము దీనికి మూలము. ఆ భయము పూర్తిగ నిరాధారమనలేము. కాని తల్లికి పంపిన సొమ్ము విషయములో లేని అనుమానము భార్యకు పంపిన సొమ్ము విషయములో మాత్రమే యేల? అన్నకు పంపినను లేదు, తండ్రికి పంపినను లేదు. పన్ను లేని కనీసాదాయమునకు మించనంత వరకు పేద యిల్లాలికి బాధ లేదనుట నిజమే. అయినను, సొమ్ము కొరకు ఎదురుచూచు ఆడదానిని అసెస్సీగ నిలువబెట్టిన ఈ వాక్యము భారతీయ పన్నుల చరిత్రలో శోభనిచ్చునది కాదు. 1961 చట్టములో ఇది కానరాదు.

అదే కాలపు చట్టములో ఒక చిన్న దయ కూడ కలదు. నివాసియైనవాని విదేశాదాయములో ఆ యేడు దేశములోనికి తేబడక మిగిలిన భాగము నుండి రు. 4,500 వరకు పన్ను లెక్కలో చేర్చరాదు. రిటర్ను దాఖలు చేయు పద్ధతి కూడ చెప్పదగినదే. ప్రతి యేడు మే 1వ తేదీలోపల ఆదాయపు పన్ను అధికారి పత్రికలలో సాధారణ ప్రకటన వేయవలెను; పన్నుకు తగిన ఆదాయము గలవారందరు 60 దినములకు తక్కువ గాని గడువులో లెక్కలు సమర్పించవలెను. సింగపూరులో నున్నవానికి ఆ పత్రిక అందునా? అందకున్నను అతని తరఫున ఇచట వ్యవహారము చూచు మనిషిని "ఏజెంటు"గ భావించి పన్ను అడుగు అధికారము 43వ విభాగము ఇచ్చినది. ఇంటి లెక్కలు చూచు బావమరిది ఒకనాడు సర్కారు వారి నోటీసు చూచి తాను ఏజెంటునని తెలిసికొనుటకు చట్టములో అడ్డేమియు లేకుండెను.

ఒకే ఆదాయముపై రెండు దేశములు పన్ను వేసినచో మనిషికి మిగులునదేమి? ఈ బాధ మొదటి ప్రపంచ యుద్ధములో పన్నుల రేట్లు పెరిగిన తరువాత తీవ్రమయ్యెను. 1920లో బ్రిటన్ సామ్రాజ్యములోని దేశముల పన్నుకు కొంత ఉపశమనమిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. దానికి తోడుగ భారత చట్టములో 49వ విభాగము వచ్చెను. 1923లో నానాజాతి సమితి కోరికపై బ్రూయిన్సు, ఐనౌదీ, సెలిగ్మను, స్టాంపు అను నలుగురు ఆర్థికవేత్తలు ఈ సమస్యపై నివేదిక వ్రాసిరి. పన్ను పౌరసత్వమును బట్టి కాక, మనిషి ఆర్థికముగ ఏ దేశముతో ముడిపడియున్నాడో దానిని బట్టి యుండవలెనను ఆలోచన అందులో ప్రధానము. స్వతంత్ర భారతదేశపు తొలి ఒప్పందము మాత్రము ఏ సుదూర దేశముతోను కాదు, నిన్నటి వరకు తనలో భాగమైన పాకిస్తానుతో. 1947 డిసెంబరు 10న ఆ ఒప్పందము ప్రకటింపబడెను. ఒక ఇంటిలోని అన్నదమ్ములు పాళ్లు పంచుకొన్న తరువాత ఇంటి పన్ను ఎవరు కట్టవలెనో వ్రాసికొన్నట్టి పత్రమది. 1958లో స్వీడనుతోను, 1960లో జపానుతోను ఒప్పందములు కుదిరినవి. తరువాత అనేక దేశములతో.

1961 నాటి 43వ చట్టము 1962 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చెను. అంతకుముందు లా కమిషను పన్నెండవ నివేదికయు, మహావీర్ త్యాగి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘపు నివేదికయు వెలువడినవి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఈ చట్టములో రెండు నియమములు ప్రాణప్రదములు. మొదటిది 9వ విభాగములోనిది: భారత పౌరుడు విదేశములో చేసిన సేవకు భారత ప్రభుత్వము ఇచ్చు జీతము భారతదేశములోనే పుట్టినట్లు భావింపబడును. రెండవది 10వ విభాగము 7వ ఉపవిభాగము: అట్టి సేవ నిమిత్తము ప్రభుత్వము విదేశములో ఇచ్చు భత్యములు, సౌకర్యములు పన్నుకు లోబడవు. కాబుల్ లోనో నైరోబీలోనో మన రాయబార కార్యాలయములో మూడేండ్లు పని చేయు అసిస్టెంటు దినముల లెక్కలో అనివాసియే. అయినను అతని మూలవేతనము, కరువు భత్యము ఇచట పన్నుకు వచ్చును. అచ్చటి ధరలను తట్టుకొనుటకిచ్చు విదేశ భత్యము రాదు. ఒకే జీతపు చీటీలో రెండు ధర్మములు.

ఇది అన్యాయమని తొలిసారి విదేశమునకు పోవువారికి తోచుట సహజము. "ఇచట లేము గదా, ఇచటి రోడ్లు వాడము గదా" యని వాదము. కాని దీని వెనుకనున్న తర్కము అంత తేలికగ త్రోసివేయదగినది కాదు. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధముల ఒప్పందము 34వ అధికరణము ప్రకారము ఆతిథ్యమిచ్చిన దేశము దౌత్యాధికారుల జీతముపై పన్ను వేయరాదు. ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందములలోను ప్రభుత్వ సేవకు సంబంధించిన అధికరణము సామాన్యముగ జీతమిచ్చు ప్రభుత్వమునకే పన్ను హక్కునిచ్చును. ఒక రాజ్యము మరియొక రాజ్యపు ఖజానాపై పన్ను వేయరాదను మర్యాద దీనికి మూలము. అతిథి దేశము వదలుకొన్న దానిని స్వదేశము కూడ వదలినచో, ఢిల్లీలో అదే హోదాలో కూర్చున్న సహోద్యోగి పన్ను కట్టుచుండగా ఇతడు మాత్రమే ఏ దేశమునకును చెల్లించనివాడగును. "పౌరుడు" అను మాట కూడ గమనింపదగినది. అదే కార్యాలయములో స్థానికముగ నియమింపబడిన ఆ దేశపు డ్రైవరుకు, అనువాదకునికి ఈ నియమము వర్తింపదు. వారి పన్ను సంగతి వారి దేశము చూచుకొనును.

ఐక్యరాజ్య సమితికో పరాయి ప్రభుత్వమునకో డెప్యుటేషను మీద పోయినవారి స్థితి వేరు. జీతమిచ్చునది భారత ప్రభుత్వము కానప్పుడు 9వ విభాగములోని ఆ నియమము తగులదు. సమితి ఇచ్చు జీతములకు 1947 నాటి ప్రత్యేక చట్టము రక్షణ కల్పించినది. పరాయి ప్రభుత్వము జీతమిచ్చినప్పుడు మరల దినముల లెక్కయే శరణ్యము. 1964లో ప్రారంభమైన భారత సాంకేతిక ఆర్థిక సహకార కార్యక్రమము క్రింద ఆఫ్రికా, ఆసియా దేశములకు నిపుణులు పోవుట పెరిగిన తరువాత, ఉత్తరువులో జీతమెవరిదని వ్రాసియున్నది అను ప్రశ్న విలువ పెరిగినది. ప్రయాణమునకు ముందు పెట్టె సర్దుకొనుటకంటె ఆ ఉత్తరువులోని వాక్యమును చదువుకొనుట ముఖ్యము.

పౌరసత్వమునే ఆధారముగ గొన్న దేశమొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు అంతర్యుద్ధ కాలము నుండియు విదేశములందున్న తమ పౌరులను పన్ను పరిధిలోనే ఉంచినవి. మెక్సికోలో నివసించుచుండిన కుక్ అను అమెరికను పౌరుడు దీనిని ప్రశ్నింపగా 1924లో అచ్చటి సుప్రీముకోర్టు ప్రభుత్వ పక్షముననే తీర్పు చెప్పెను: పౌరుడెచటనున్నను రాజ్యపు రక్షణ వానిని వెంటాడుచున్నది, కావున పన్నును వెంటాడవచ్చునని. రెండేండ్లకు విదేశములో శ్రమించి ఆర్జించిన దానికి మినహాయింపు నిచ్చిరి గాని, లెక్క దాఖలు చేయు బాధ్యత తొలగలేదు. అమెరికా పౌరసత్వము స్వీకరించి హైదరాబాదుకు తిరిగివచ్చి స్థిరపడిన తెలుగువారు నేటికిని ఏటేట ఆ దేశమునకు రిటర్ను పంపవలసియుండుట ఈ కారణముననే. సామాన్యోద్యోగుల విషయమున భారతదేశము ఆ త్రోవ త్రొక్కలేదు.

ఇంటి నియమము 1961 చట్టములోను కొంత మార్పుతో నిలిచెను. అరబు దేశములకు వలస పెరిగిన తరువాత దాని కష్టము స్పష్టమయ్యెను. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి ఎడారికి పోయిన తాపీపనివాడు సంపాదించిన సొమ్ముతో మొదట చేయు పని ఊరిలో ఇల్లు కట్టుట. ఆ ఇల్లే వానిని నివాసిని చేయు సాక్ష్యమైనచో అంతకంటె వైపరీత్యమేమి? 1982 ఫైనాన్సు చట్టము ఇంటి నియమమును పూర్తిగ తొలగించెను. ఉద్యోగము నిమిత్తము దేశము విడిచిన పౌరుడు ఆ యేడు 182 దినములు ఇచటనున్ననే తప్ప నివాసి కాడని గూడ అదే చట్టము నిర్ణయించెను. విదేశమున శ్రమించువారికి పార్లమెంటు చేసిన మేలులలో ఇది పెద్దది. దీనిని గూర్చిన ప్రశంస మాత్రము అరుదుగ వినబడును.

2020 ఫిబ్రవరి 1న బడ్జెటులో మరల అలజడి. ఏ దేశములోను పన్ను కట్టవలసిన బాధ్యత లేని భారత పౌరుని నివాసిగ భావింపవలెనని ప్రతిపాదన వచ్చెను. ఆదాయపు పన్నే లేని గల్ఫు దేశములలోని కార్మికుల కుటుంబములలో ఆందోళన కలిగెను. మరునాడే ప్రభుత్వము వివరణ నిచ్చి, అచట నిజముగ పని చేసి ఆర్జించిన సొమ్ముపై పన్ను వేయు ఉద్దేశము లేదని తెలిపెను. శాసనమైన రూపములో ఆ నియమము, విదేశములలో పుట్టిన ఆదాయము కాక మిగిలిన ఆదాయము ఏటికి రు. 15 లక్షలు మించినవారికే పరిమితమయ్యెను. వారిని కూడ సాధారణ నివాసి కాని తరగతిలోనే చేర్చిరి. అట్టి ఆదాయము గలవారు స్వదేశ సందర్శనమునకు వచ్చినప్పుడు 182 దినములకు బదులు 120 దినముల లెక్క వర్తించునట్లు చేసిరి. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిలు 1ని అమలు తేదీగ నిర్ణయించినది. గత సంవత్సరము, అసెస్‌మెంటు సంవత్సరము అను పాత జంట పదములను విడిచి "పన్ను సంవత్సరము" అను ఒక్క మాటను చేపట్టినది. దినముల లెక్క, ప్రభుత్వ జీతపు నియమము మాత్రము అందులోను నిలిచినవి.

ఆ దినములను లెక్కించుటకు ఆధారము పాస్‌పోర్టు మీది ముద్రలే. విమానము దిగిన దినము, విమానమెక్కిన దినము - ఈ రెండును దేశములోనున్న దినములుగ లెక్కింపవలెనా, కూడదా అను విషయమున న్యాయాధికార సంస్థలు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చినవి. 182వ దినము దరిదాపులలో నున్నవారు తిరుగు ప్రయాణపు టిక్కెట్టును రెండు మూడు దినములు ముందుగనే కొనుచుందురు.